ఎనిమిది నిమిషాల పూచీ

మన వాళ్ళ సభ మైకు లేకపోయినా జరుగుతుందేమో గానీ, ముఖ్య అతిథి లేకపోతే జరగదు. ఈ సంగతి బాగా తెలిసి కూడా, హైస్కూలు పిల్లల డిబేట్ టోర్నమెంట్‌ని ఆన్‌లైన్లో పెడితే ఆ బెడద తప్పుతుందనుకున్నాను. శాలువా కప్పడానికి భుజం ఉండదు, బొకే ఇవ్వడానికి చెయ్యి ఉండదు, అసలు వేదికే ఉండదు. ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్‌లో మా డైనింగ్ టేబుల్ మీద నా ల్యాప్‌టాప్, మెల్‌బోర్న్ శివార్లలో క్రాన్‌బర్న్‌లో నాతో కలిసి దీన్ని నడిపే చెల్లి ల్యాప్‌టాప్, అంతే. చెల్లి అంటే తోడబుట్టింది కాదు. ఫోన్లో పరిచయమైన రెండో రోజునుంచే నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది, నేనూ చెల్లి చేసుకున్నాను.

టోర్నమెంట్ ఆలోచన మా పాప వల్ల పుట్టింది. పాప అంటున్నాను గానీ పదకొండో తరగతి. అంతకు ముందు ఏడు ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభలో తను మాట్లాడుతోంది. కష్టపడి తెలుగులో రాసుకుని, అద్దం ముందు చెప్పుకుని వెళ్ళింది. మంచి ఊపులో ఉండగా హాలు తలుపు దగ్గర హడావుడి మొదలైంది. ఆ రోజు ముఖ్య అతిథి దిగారు. కార్యదర్శి గారు గబగబా వేదికెక్కి, "చాలు నాన్నా, వెరీ గుడ్" అంటూ పాప చేతిలోంచి మైకు తీసేసుకున్నారు. వాక్యం సగంలో ఉంది. జనం లేచి చప్పట్లు కొట్టారు, పాపకి కాదు.

కారులో ఇంటికొస్తూ ఒకే మాట అంది. "మీవాళ్ళు ఎవరూ వినరు మమ్. డిన్నర్ కోసం వెయిట్ చేస్తారంతే."

మీవాళ్ళు అంది, మనవాళ్ళు అనలేదు. ఆ తర్వాత స్కూల్లో డిబేట్ టీం కూడా మానేసింది. అడిగితే భుజాలు ఎగరేసేది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ కార్యదర్శి కొట్లో ఎదురుపడినప్పుడల్లా పలకరించకుండా కూరగాయల వైపు చూసేదాన్ని. కోపంతో పిల్ల గొంతు తిరిగి రాదు కదా. అందుకని టోర్నమెంట్ పెడతానని చెప్పి, పాపని కూర్చోబెట్టి మాటిచ్చాను. "నీకిచ్చిన ఎనిమిది నిమిషాల్లో ఎవరూ వేలు పెట్టరు. పూచీ నాది."

"ప్రామిస్?"

"ప్రామిస్."

నా మొహంలోకి చూసి సరేనంది. ఈసారి కూడా ఎవరైనా అడ్డం పడ్డారా, ఈ పిల్ల ఇక నలుగురిలో నోరు తెరవదు. అది నాకు తెలుసు, తనకీ తెలుసు.

ఇది పాలసీ డిబేట్. ప్రభుత్వం ఫలానా పని చెయ్యాలి అని ఒక విషయం ఇస్తారు. ఇద్దరు పిల్లల జట్టు చెయ్యాలంటుంది, ఇంకో ఇద్దరి జట్టు వద్దంటుంది. మొదట మాట్లాడేవాళ్ళకి ఎనిమిది నిమిషాలు, ఆ వెంటనే అవతలి జట్టు ప్రశ్నలు. ఎవరు ఏ పక్షమో నాణెం చెబుతుంది. నీ మనసులో ఏముందో ఎవరికీ అక్కర్లేదు, వచ్చిన పక్షాన్ని సాక్ష్యాలతో నిలబెట్టాలి. పెద్దవాళ్ళకి మింగుడుపడనిది ఇదే. విషయాన్ని పిల్లలే ఓటేసి ఎంచుకున్నారు. ఆస్ట్రేలియాకి వచ్చే విదేశీ విద్యార్థుల సంఖ్యని బాగా తగ్గించాలి. ఆ మాట బయటపడగానే నా ఫోను మోగడం మొదలైంది. మన నోట్లో మనమే మన్ను కొట్టుకుంటామా, వేరే టాపిక్కే దొరకలేదా అని. నిజమే, ఫోన్ చేసినవాళ్ళలో సగం మంది స్టూడెంట్ వీసా మీద దిగినవాళ్ళే. నేనూ అలా దిగినదాన్నే.

ఇంతలో గెలిచినవాళ్ళకి కప్పులు ఇస్తానని ఒక పెద్దాయన ముందుకొచ్చారు. దేశానికి తూర్పు వైపున టూంగాబీలో ఉంటారు. ఎప్పుడో చదువుకోవడానికి వచ్చి, తర్వాత మన ఊళ్ళనుంచి పిల్లల్ని ఇక్కడి కాలేజీలకి పంపే ఆఫీసు పెట్టి, చాలా మందికి దారి చూపించారు. అందరికీ ఆయన అంకులే. కప్పులు ఇచ్చినాయన్ని ముఖ్య అతిథి అనకపోతే బాగుండదని చెల్లి అంది. నేను నోరు మూసుకున్నాను. బెడద తప్పుతుందనుకున్నదాన్ని, కాళ్ళు కడిగి లోపలికి పిలిచాను.

అసలు తప్పు అక్కడ కూడా కాదు. ఆన్‌లైన్ మీటింగ్‌లో చేరేవాళ్ళంతా ముందు వెయిటింగ్ రూంలో ఆగాలి, మేం ఒక్కొక్కరినీ లోపలికి రానివ్వాలి. అంత పెద్దాయన్ని వెయిటింగ్ రూంలో నిలబెడతామా? చెల్లిలాగే ఆయన్నీ కో-హోస్ట్‌ని, అంటే నాతోపాటు మీటింగ్ నడిపేవాళ్ళలో ఒకరిని చేస్తే నేరుగా లోపలే ఉంటారు. కో-హోస్ట్‌కి మిగతా అధికారాలు కూడా ఉంటాయి, ఎవరి గొంతైనా మ్యూట్ చెయ్యొచ్చు. కానీ ఆయన ఎందుకు చేస్తారు? మర్యాదకి ఇచ్చిన కుర్చీ అది. మేం కుర్చీ ఒకటే చూశాం.

పోటీ రోజు పొద్దున మొదటి రౌండ్లు బాగానే నడిచాయి. కాకపోతే ఒకరింట్లో కుక్కర్ విజిల్ వేసింది, ఇంకొకరింట్లో నాన్నగారు ఫుట్‌బాల్ చూస్తూ అరిచారు, మరో ఇంట్లో తల్లి పక్కనుంచి కొడుక్కి జవాబు అందిస్తూ దొరికిపోయింది. నాకు ఒళ్ళు మండి, మేం తెరిస్తే తప్ప ఎవరి మైకూ తెరుచుకోకుండా పెట్టాను. మా పాపని మాత్రం పొద్దున్నే పక్క ఊరు పామర్‌స్టన్‌లో తన జోడీ పిల్ల వాళ్ళింటికి పంపేశాను. ఇంట్లోనే ఉంటే నేను అందిస్తున్నానంటారు. తను ఉన్న రౌండ్లకి జడ్జీలని కూడా చెల్లే వేసింది. అమ్మ పెట్టిన పోటీ, కూతురు పాల్గొన్న పోటీ. ఈ మాట ఎవరైనా అనక ముందే నేనే పదిసార్లు అనుకున్నాను.

అయినా వాళ్ళు ఫైనల్‌కి వచ్చారు. ఎదుట టూంగాబీ నుంచి ఇద్దరు అమ్మాయిలు. లంచ్ టైంలో చెల్లి ల్యాప్‌టాప్ మొండికేస్తే ఆపి మళ్ళీ పెట్టుకుంది. ఆ పెట్టుకోవడంలో తన కో-హోస్ట్ అధికారం పోయింది, తిరిగి ఇవ్వడం నేను మరిచిపోయాను.

చెల్లి కెమెరా ముందు నాణెం ఎగరేసింది. మా వాళ్ళకి తగ్గించాలనే పక్షం వచ్చింది. టీవీలో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు మమ్మల్ని తగ్గించాలంటే వినడం వేరు. కడుపున పుట్టిన పిల్ల అంటే వినడం వేరు. అది ఆటలో భాగమని అందరికీ చెప్పినదాన్ని నేనే.

ఇక్కడ వానలు దిగే ముందు రోజుల్ని బిల్డప్ అంటారు. ఉక్కపోతకి మనుషులు ఒకరినొకరు కరుచుకునేంత చిరాగ్గా ఉంటారు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడి, మా పెరట్లో మామిడి కొమ్మలు ఊగడం మొదలుపెట్టాయి. పాప మొదలుపెట్టింది. మొదటి వాక్యానికి గొంతు కొంచెం వణికినా రెండో వాక్యానికి సర్దుకుంది. తెర నిండా తల్లిదండ్రులు, ముగ్గురు జడ్జీలు, పై వరసలో అంకుల్, సూటు టై వేసుకుని. పాప అంకెలు చెప్పింది, అద్దెల గురించి చెప్పింది, అక్కణ్ణుంచి ఏజెంట్ల దగ్గరికి వచ్చింది. చదువు చెప్పని కాలేజీల్ని చదువు పేరుతో అమ్మినవాళ్ళు అంది. అంకుల్ కుర్చీలో ముందుకి జరగడం చూశాను.

అప్పుడే పిడుగు పడింది. ఫ్యాను ఆగింది, మోడెం దీపాలు ఆరాయి, ల్యాప్‌టాప్‌లో పాప మొహం నోరు తెరిచినట్టే బిగుసుకుపోయింది.

"కరెంట్ పోయింది" అన్నాడు మా ఆయన వంటింట్లోంచి, నాకు తెలియనట్టు.

నా ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి నెట్ కలిపాను. పాస్‌వర్డ్ తప్పు కొట్టి మళ్ళీ కొట్టాను. మీటింగ్ లింకు నొక్కాను. తెర మీద తెల్లగా ఒక మాట వచ్చింది. హోస్ట్ మిమ్మల్ని త్వరలో లోపలికి రానిస్తారు.

హోస్ట్‌ని నేను కదా అనుకున్నాను. తర్వాత వెలిగింది. హోస్ట్ నెట్ తెగి బయటపడితే పెత్తనం కో-హోస్ట్‌కి పోతుంది. కో-హోస్ట్ ఒక్కరే మిగిలారు. అంకుల్‌ని నిలబెట్టకూడదనుకున్న వెయిటింగ్ రూంలో నేను నిలబడ్డాను.

మా ఆయన ఫోన్ లాక్కుని చెల్లికి చేశాను.

"అక్కా, నీకే చేయబోతున్నా" అంది గొంతు తగ్గించి. "అంకుల్ పాపని మ్యూట్ చేసి తను మాట్లాడుతున్నారు."

"నువ్వు తియ్యి."

"నా చేతిలో ఏం లేదక్కా. చాట్‌లో రాశా, చూడట్లా."

"ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టు."

పెట్టింది. వాన చప్పుడు మధ్య అంకుల్ గొంతు వినిపించింది, నెమ్మదిగా, ప్రేమగా కూడా. "...బాగా మాట్లాడుతున్నావు తల్లీ, కాదనను. కానీ ఒక పెద్దవాడిగా చెప్తున్నా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు. ఆ వీసాలే లేకపోతే మీ పేరెంట్స్ ఇక్కడికి వచ్చేవాళ్ళా? నువ్వు ఈ స్క్రీన్ మీద ఉండేదానివా? థింక్ అబౌట్ ఇట్ నాన్నా..."

నాకు చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. నాణెం పడినప్పుడు నా నాలిక చివరి దాకా వచ్చిన మాట ఇదే. ఆయన నోట వినేసరికి నా ఒళ్ళు భగ్గుమంది.

"పాప ఏం చేస్తోంది?" అన్నాను.

"మాట్లాడుతూనే ఉందక్కా. వినపడట్లేదంతే."

తెల్ల తెర మీద ఆ మాట అలాగే ఉంది. బయట వాన కొబ్బరికాయలు కొట్టినట్టు పడుతోంది. మా ఆయన నా కుర్చీ వెనక నిలబడి, పోనీ నువ్వు ఆయనకి ఫోన్ చెయ్యి అన్నాడు. చేశాను, ఎత్తలేదు. ఎత్తరు, ప్రసంగంలో ఉన్నారు కదా. వాకిట్లో గంట కొడుతుంటే తలుపు తియ్యకుండా లోపల పాట పాడుకునే మనిషిని ఏం చెయ్యగలం?

ఆఖరికి తెర మారింది. "వచ్చావా అమ్మా, కరెంట్ పోయిందంట కదా" అన్నారు అంకుల్ నవ్వుతూ. "టెన్షన్ పడకు, నేను మేనేజ్ చేస్తున్నా."

ఆయన మొహంలో తప్పు చేసిన ఛాయ కూడా లేదు. పక్క గడిలో పాప ఉంది. పెదాలు కదులుతున్నాయి, చూపు కాగితం మీద ఉంది, మధ్యమధ్య తలెత్తి జడ్జీల వైపు చూస్తున్నట్టు కెమెరాలోకి చూస్తోంది. జోడీ పిల్ల పక్కన గడియారం పట్టుకుని కూర్చుంది. ఇద్దరికీ తెలుసు, ఎవరికీ వినపడటం లేదని. అయినా పాప వేగం తగ్గించలేదు. ఆ నోరు అలా కదలడం చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. కెమెరా ఆపేద్దామనుకుని ఆపలేదు.

"అంకుల్, హోస్ట్ నాకు ఇవ్వండి."

"తప్పకుండా. ఎలా ఇవ్వాలి? ఇక్కడ ఎర్రగా ఎండ్ అని ఉంది, అదేనా?"

"అది కాదు. దాన్ని ముట్టుకోకండి." మీటింగ్ మొత్తం మూతపడేది. "పేర్లున్న చోట నా పేరు వెతకండి. పక్కన మూడు చుక్కలు ఉంటాయి."

"ఏ చుక్కలమ్మా?"

"మూడు చుక్కలు అంకుల్. నా పేరు పక్కన."

కళ్ళజోడు మార్చుకున్నారు. అందరూ చూస్తున్నారు. చివరికి అధికారం నా చేతికి వచ్చేసరికి పాప నోరు ఆగిపోయింది. కాగితాలు సర్దుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎనిమిది నిమిషాలు అయిపోయాయి.

చాట్‌లో మాటలు పడుతున్నాయి. లెట్ అస్ మూవ్ ఆన్ అని ఒకరు, అంకుల్ చెప్పింది కరెక్టే అని ఒకరు. ఆర్గనైజర్ గారి అమ్మాయి కాబట్టి స్పెషల్ టైం ఇవ్వరని ఆశిస్తున్నాం అని ఇంకొకరు, పక్కన నవ్వే బొమ్మ పెట్టి. ఆ మాట నేను ఊహించినట్టే, ఊహించిన సమయానికి వచ్చింది.

తప్పించుకునే దారి సిద్ధంగా ఉంది. టెక్నికల్ ఇష్యూ వల్ల అంతరాయం కలిగింది, క్షమించాలి. మా సభల్లో అన్ని పాపాలకీ ఈ ఒక్క మంత్రమే చదువుతారు. ఎవరి మొహమూ మాడదు, అంకుల్ పెద్దరికం నిలుస్తుంది, పిడుగు మీదికి తోసేస్తే పిడుగు కాదనదు. ఆ మాట సగం నోట్లోకి వచ్చింది కూడా. పాప కెమెరాలోకి చూస్తోంది. ఉగాది రోజు కారులో కూర్చున్నప్పుడు కూడా కళ్ళు అలాగే ఉన్నాయి.

"పాపకి ఇచ్చిన టైంలో అంకుల్ మాట్లాడారు" అన్నాను. "పాప మైకు మూసి మాట్లాడారు. అది తప్పు. ఆయనకి ఆ అధికారం ఇవ్వడం నా తప్పు. నెట్‌వర్క్ తప్పేం లేదు."

అంకుల్ ఏదో అనబోయారు. ఆయన మైకు నేను మూసేశాను. నా జన్మలో అంత పెద్ద మనిషి నోరు నొక్కడం అదే మొదటిసారి.

"టైం మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది నేను చెప్పను, నా కూతురు కాబట్టి. జడ్జీలు చెప్పాలి" అని ముగ్గురి మైకులూ తెరిచాను.

వాళ్ళలో ఒకాయన, చాలా వరకు విన్నాం కదా, అవతలి జట్టుకి అన్యాయం కాకుండా చూడాలి కదా అని నసిగారు. ఇంకొకావిడ ఔనన్నట్టు తలూపారు. నా పూచీ మంచులా కరిగిపోతోంది. అప్పుడు అవతలి జట్టులో ప్రశ్నలు వెయ్యాల్సిన అమ్మాయి చెయ్యెత్తింది. తన మైకు తెరిచాను.

"నేనిప్పుడు తనని క్వశ్చన్ చెయ్యాలి" అంది ఇంగ్లీషులో, విసుగ్గా. "వినని మాటకి నేనేం క్వశ్చన్ వెయ్యను? మొదట్నుంచీ చెప్పమనండి."

ఆ విసుగుకి నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. జాలితో అడిగి ఉంటే పాప ఒప్పుకునేది కాదు. జడ్జీలు సరేనన్నారు. పాప మంచినీళ్ళు తాగి, కాగితాలు మొదటికి తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు వణకలేదు.

ఏజెంట్ల దగ్గరికి రాగానే నా వేలు మౌస్ మీద బిగుసుకుంది. ఎవరూ అడ్డం రాలేదు. ఇందాక ఎవరికీ వినపడని భాగం అప్పుడు విన్నాను. తను చెప్పింది ఇంగ్లీషులో, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుండిపోయింది. మా అమ్మ వంట కోర్సులో చేరడానికి మెల్‌బోర్న్ వచ్చింది. ఒక పొద్దున వెళ్ళేసరికి కాలేజీకి తాళం వేసి ఉంది. బ్యాగ్‌లో ఏప్రాన్‌తో ఆ తలుపు ముందు సాయంత్రం దాకా కూర్చుంది, ఎవరైనా వస్తారేమోనని. మా అమ్మ ఇక్కడికి రాకూడదని నేను అనడం లేదు. మా అమ్మని ఆ తలుపు దగ్గరికి పంపే హక్కు ఎవరికీ ఉండకూడదంటున్నాను.

ఆ తలుపు సంగతి నేను పాపకి ఏనాడూ చెప్పలేదు. తిరిగి చూస్తే మా ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నాడు, నా వైపు కాదు. ఆయనే చెప్పాడన్నమాట. ఇన్నేళ్ళూ నేను పరువు తక్కువ అని దాచుకున్నదాన్ని పాప అందరి ముందూ పెట్టింది, కానీ పరువు పోయినట్టు అనిపించలేదు. ఎవరో నా తరఫున ఫిర్యాదు రాసినట్టు అనిపించింది.

ఫైనల్ మావాళ్ళు ఓడిపోయారు, ఒక్క ఓటు తేడాతో. విసుగుపడ్డ ఆ అమ్మాయి వేసిన ప్రశ్నలు అలాంటివి మరి. ముగింపులో అలవాటు ప్రకారం అంకుల్‌ని రెండు మాటలు చెప్పమని మైకు తెరిచాను. ఆయన కంగ్రాచులేషన్స్ అన్నారు, రెండో మాట చెప్పలేదు.

సాయంత్రానికి కరెంట్ వచ్చింది. పాపని తీసుకొచ్చేసరికి రోడ్ల మీద నీళ్ళు పారుతున్నాయి. ఓడిపోయిన పిల్లలా లేదు, సోఫాలో బోర్లా పడుకుని జోడీ పిల్లకి మెసేజ్‌లు కొడుతూ, వచ్చే ఏడు ఆ టూంగాబీ అమ్మాయిని ఎలా ఓడించాలో ప్లాన్ వేస్తోంది. నేను పక్కన కూర్చుంటే తలెత్తకుండానే కాళ్ళు నా ఒళ్ళో పెట్టింది.

అప్పుడు ఫోన్ మోగింది. అంకుల్. చీవాట్లు పడతాయనుకుని సిద్ధమై ఎత్తాను. కప్పులు వెనక్కి అడిగితే ఏమనాలో కూడా అనుకున్నాను.

"అమ్మా, ఒక్క మాట అడగాలి" అన్నారు. "పాప పేరుతో సహా చెప్పిన ఆ కాలేజీ. నిన్ను అక్కడికి పంపింది మా ఆఫీసేనా?"

"కాదంకుల్. విజయవాడలో వేరేవాళ్ళు."

హమ్మయ్య అంటారనుకున్నాను. అనలేదు.

"మేమూ పంపాం" అన్నారు. "ఆ కాలేజీకే. చాలా మందిని పంపామమ్మా."

ఆయన్ని అనడానికి ఇరవై ఏళ్ళుగా నానబెట్టిన మాటలు నా దగ్గర బోలెడు ఉన్నాయి. పాప తలెత్తి, ఎవరు అన్నట్టు చూసింది. ఫోను స్పీకర్లో పెట్టి మా ఇద్దరి మధ్య ఉంచాను. అంకుల్ మాట్లాడుతున్నారు, ఆగి ఆగి, పంపిన పిల్లల్లో ఒకరిద్దరి మొహాలు ఇంకా గుర్తున్నాయని. ఆయన ముగించేదాకా ఇద్దరం వింటూ కూర్చున్నాం.